వెనక సీటును రెండు ముక్కలుగా మడవనివ్వండి: కార్ల కంపెనీలకు బహిరంగ లేఖ

మన దేశంలో కార్లు డిజైన్ చేసేవారికి, ఏ వేరియంట్‌లో ఏది ఉండాలో ఏది ఉండకూడదో తేల్చేవారికి,

నమస్కారం. నేను ఇంజినీర్ని కాను. హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం, సొంతూరు తెనాలి దగ్గర ఒక పల్లె, నెలకో రెండు నెలలకో ఒకసారి కుటుంబంతో కారులో వెళ్లి వస్తుంటాం. కార్లంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం కాబట్టి చదువుతుంటాను, చూస్తుంటాను, షోరూముకి వెళ్తే ముందు సీట్లో కాకుండా డిక్కీ దగ్గర ఎక్కువసేపు నిలబడతాను. మీకు రాయాలనుకున్నది ఆ డిక్కీ గురించీ, దానికి ముందున్న వెనక సీటు గురించీ.

పోయిన ఏడాది మా అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. విజయవాడలో ఆపరేషన్ చేయించి, పది రోజుల తర్వాత మా ఇంటికి, అంటే హైదరాబాద్‌కి తీసుకొద్దామనుకున్నాం. మేం నలుగురం: నేను, మా ఆవిడ, పదేళ్ల బాబు, అమ్మ. సామాను పెద్దగా లేదు. బట్టల బ్యాగు ఒకటి, వాకర్ ఒకటి, కొత్తగా కొన్న వీల్‌చైర్ ఒకటి. డిక్కీ మూడొందల లీటర్ల పైనే అని బ్రోషర్‌లో చదివే కారు కొన్నాను కాబట్టి సరిపోతుందా అన్న అనుమానమే రాలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర వార్డు బాయ్, నేను కలిసి వీల్‌చైర్ మడిచాం. మడిచాక కూడా అది దాదాపు మీటరు పొడవు, జానెడు పైన మందం ఉంది. పడుకోబెట్టి తోస్తే పెద్ద చక్రం డిక్కీ పక్కన టైరు మీద ఉబ్బెత్తుగా ఉండే చోట ఆగిపోయింది. నిలబెడితే డిక్కీ తలుపు నాలుగు వేళ్ల మందం మూసుకోలేదు. డిక్కీ పైన కప్పే పలక, అదే పార్శిల్ ట్రే, తీసేశాం, ఐమూలగా తిప్పాం, ఫుట్‌రెస్టులు ఊడదీశాం. నాలుగు వేళ్లు రెండు వేళ్లయ్యాయి, అంతే. వెనక సీటు మడిస్తే సుఖంగా పడుతుంది, కానీ మా కారులో వెనక సీటు బ్యాక్‌రెస్ట్ ఒకటే పలక. మడిస్తే మొత్తం మడవాలి. మొత్తం మడిస్తే వెనక మనిషి కూర్చునే వీలే లేదు.

చివరికి ఏం చేశామంటే, అమ్మని ముందు సీట్లో వెనక్కి వాల్చి కూర్చోబెట్టాను, వెనక సీటు మొత్తం మడిచి వీల్‌చైర్ పెట్టాను, మా ఆవిడా బాబూ ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్లి బస్సులో వచ్చారు. సూర్యాపేట దగ్గర అమ్మకి బాత్రూంకి వెళ్లాల్సి వచ్చింది. పక్కన కోడలుంటే ఇబ్బంది లేకపోయేది. నాతో చెప్పడానికి మొహమాటపడి అమ్మ అప్పటికే గంట నుంచి ఆపుకుని కూర్చుందని తర్వాత తెలిసింది. హోటల్లో పనిచేసే ఒకావిడని బతిమాలుకుంటే పాపం ఆవిడే సాయం చేసింది. ఆ గంట గుర్తొస్తే నాకిప్పటికీ మనసు పిండినట్టవుతుంది.

ఆ బ్యాక్‌రెస్ట్ 60:40గా చీలి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. చిన్న ముక్క మడిచి వీల్‌చైర్ పెట్టేవాళ్లం, పెద్ద ముక్క మీద మా ఆవిడా బాబూ కూర్చునేవాళ్లు.

తర్వాత షోరూముకి వెళ్లి అడిగాను, ఈ సీటు మార్చడానికి వీలవుతుందా అని. అవదన్నారు. నాక్కూడా తెలుసు అవదని, ఎందుకంటే అది ఫోమూ బట్టా మార్చే వ్యవహారం కాదు, లోపలి ఇనుప ఫ్రేమే వేరు, మధ్యలో నేలకి బిగించే ఇంకో కీలు కావాలి, రెండు వైపులా విడివిడిగా పట్టే లాక్‌లు కావాలి, మధ్యలో కూర్చునేవాళ్ల బెల్టు ఎటు నుంచి రావాలో చూసుకోవాలి. సేల్స్ కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, "పై వేరియంట్‌లో వస్తుంది సార్, అందులో సన్‌రూఫ్, అలాయ్స్, పెద్ద స్క్రీన్ కూడా ఉంటాయి" అని. నాకు సన్‌రూఫ్ వద్దు. పెద్ద స్క్రీన్ వద్దు. మధ్యలో చీలిన సీటు కావాలి, దానికి ఎంతవుతుందో అంత విడిగా కట్టమంటే కడతాను. అలా కొనే దారి మీరు పెట్టలేదు. సీటు చీలడం విలాసం అని ఎవరు తేల్చారో నాకు తెలియదు గానీ, తక్కువ డబ్బు పెట్టి ఒకే కారు కొనుక్కుని, అందులోనే మనుషుల్నీ బస్తాల్నీ వీల్‌చైర్‌నీ మోసుకునే ఇంటికే అది ఎక్కువ అవసరం. రెండు కార్లున్న వాళ్లు ఇంకో కారు తీస్తారు.

ఇక లీటర్ల సంగతి. మీ బ్రోషర్లలో డిక్కీకి ఒకే ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎలా వస్తుందో కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. జర్మనీ కార్ల పరిశ్రమ సంఘం వీడీఏ పెట్టిన పద్ధతిలో 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 50 మందం ఉన్న దిమ్మెలు డిక్కీలో పేర్చుకుంటూ పోతారు, ఒక్కో దిమ్మె సరిగ్గా ఒక లీటరు. మన ఇంటి ఇటుక పొడవూ వెడల్పే దాదాపు, మందం సగం అనుకోండి. అంత చిన్న దిమ్మెలు టైరు ఉబ్బుకి వెనకున్న సందులోకీ పోతాయి, మూలల్లోకీ పోతాయి. అవన్నీ లెక్కలోకి వస్తాయి. అంకె అబద్ధం కాదు. కానీ మా ఇంట్లో ఎవరూ కారులో ఇటుకలు పేర్చరు. మా దగ్గరున్నవి పాతిక కిలోల బియ్యం బస్తా, సూట్‌కేసు, గ్యాస్ స్టవ్వు, పిల్లల సైకిల్, వాకర్, మడత మంచం. వీటికి కావాల్సింది నేల ఎంత పొడవుంది, రెండు టైర్ల మధ్య వెడల్పు ఎంత, తలుపు తెరిస్తే ఎంత ఎత్తు దొరుకుతుంది, డిక్కీ గడప నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది అన్న నాలుగు కొలతలు. ఆ నాలుగూ మీ డ్రాయింగుల్లో ఎలాగూ ఉంటాయి కదా. బ్రోషర్‌లో ఒక వరుస వేస్తే చాలు. నేను ఇప్పుడు టేపు జేబులో పెట్టుకుని షోరూముకి వెళ్తున్నాను, సెక్యూరిటీ వాళ్లతో సహా అందరూ వింతగా చూస్తారు. చూడనివ్వండి.

అందులోనూ ఒకళ్లు పార్శిల్ ట్రే దాకా కొలుస్తారు, ఒకళ్లు రూఫు దాకా కొలుస్తారు, పక్కపక్కన పెట్టి పోల్చుకుందామంటే కుదరదు. ఎక్కడిదాకా కొలిచారో అన్నా రాయండి.

ఈ మధ్య నేను ఎస్టేట్ అనే రకం కార్ల గురించి ఎక్కువగా ఆలోచిస్తున్నాను, ఎందుకంటే ఈ నాలుగు కొలతలనీ పట్టించుకుని పుట్టిన బండి అదొక్కటే. మనవాళ్లు స్టేషన్ వ్యాగన్ అంటారు. సెడాన్ కారుకి రూఫు వెనకదాకా అలాగే లాగి, వెనక తలుపు దాదాపు నిట్టనిలువుగా పెడితే ఎస్టేట్. నేల తక్కువ ఎత్తులో ఉంటుంది, గడప మోకాలికి కాస్త పైన ఉంటుంది, బస్తాని ఎత్తి నడుం మీదికి తెచ్చుకోనక్కర్లేదు, అంచు మీద ఆనించి లోపలికి తోస్తే చాలు. ఎస్‌యూవీలో అదే బస్తాని నడుము దాకా ఎత్తాలి. పైగా ఇప్పుడు స్టైలు కోసం వెనక అద్దాన్ని ఏటవాలుగా వంచేస్తున్నారు, కింద ఎంత నేల ఉన్నా పైమూలలో అట్టపెట్టె తగులుతుంది.

మా చెల్లెలు ఇంగ్లండ్‌లో ఉంటుంది, వాళ్లకో పాత స్కోడా ఆక్టేవియా ఎస్టేట్ ఉంది. అమ్మ సంగతి విని, వాట్సాప్‌లో వీడియో తీసి పంపింది. డిక్కీ తెరిచింది, లోపల పక్క గోడకి చిన్న పిడి, వేలితో లాగింది. అంతే, ముందుకు వెళ్లకుండా, వెనక డోరు తెరవకుండా, చిన్న ముక్క బ్యాక్‌రెస్ట్ తనంతట తానే ముందుకు వాలిపోయింది. ఇంకో వైపు పిడి లాగింది, రెండోది వాలింది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పిడి. మా ఆవిడ ఆ వీడియో మూడుసార్లు చూసి, ఫోను నాకిచ్చేసి ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆక్టేవియా ఎస్టేట్ ఇప్పటి మోడల్‌లో సీట్లు నిలబెట్టి ఉన్నప్పుడు 640 లీటర్లు, మడిస్తే 1,700. ఆ 1,700 కంటే నాకు ఆ పిడి ముఖ్యం అనిపించింది. ఎవరో ఇంజినీరు, రెండు చేతుల నిండా సామాను పట్టుకుని డిక్కీ ముందు నిలబడ్డ మనిషిని తలుచుకుని ఆ పిడి అక్కడ పెట్టాడు.

యూరప్‌లో ఎస్‌యూవీల గాలి ఎంత వీచినా ఈ బళ్లు పోలేదు. ఫోక్స్‌వాగన్ పాసాట్ కొత్త తరం అక్కడ సెడాన్‌గా రావడమే మానేసింది, ఎస్టేట్‌గా మాత్రమే అమ్ముతున్నారు, డిక్కీ 690 లీటర్లు. కొన్ని ఎస్టేట్లలో బ్యాక్‌రెస్ట్ 40:20:40గా మూడు ముక్కలు, మధ్య ముక్క ఒక్కటే మడిచి స్కీయింగ్ కర్రలు పెట్టుకుని అటొకరు ఇటొకరు కూర్చోవచ్చు. మనకి స్కీయింగ్ లేదు గానీ కర్టెన్ రాడ్లున్నాయి, ట్రైపాడ్‌లున్నాయి, వీణలున్నాయి. నాలుగడుగుల పైనుండే వీణని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, బిరడాలు తలుపుకి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కచేరీకి వెళ్లే మా వీధి టీచరుగారికి ఆ మధ్య ముక్క ఎంత హాయో ఆలోచించండి.

మన దగ్గరా ఇవి రాకపోలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. తర్వాత మారుతి బలెనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్, ఆక్టేవియా కాంబీ, 2004లో టాటా ఇండిగో మెరీనా. మా మేనమామకి మెరీనా ఉండేది, సిల్వర్ రంగుది. మా పెద్దక్క పెళ్లికి వంటవాళ్ల గుండిగలు రెండు, అరటి గెలలు, విస్తరాకుల కట్టలు అన్నీ దాంట్లోనే వచ్చాయి. వెనక సీటు మడిచిన చోట పాత దుప్పటి పరిచి, గెలలు నలగకుండా ఒక్కోటీ పక్కపక్కన పడుకోబెట్టిన మామయ్య చేతులు నాకు గుర్తే. జనం వీటిని పెద్దగా కొనలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. వెనక నుంచి చూస్తే అంబులెన్సులా ఉందన్నారు, ట్రావెల్స్ బండి అన్నారు. కానీ తప్పంతా జనం మీద వేయడం న్యాయం కాదు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న కార్లకి సుంకం తగ్గించారు. అక్కడి నుంచి మీ డిజైనర్ల కత్తెర కారు తోక మీద పడింది. అదే ఇండిగోని తోక కుదించి 2008లో ఇండిగో సీఎస్‌గా తెచ్చారు. పొడవే ప్రాణమైన ఎస్టేట్‌కి ఆ లెక్కలో చోటెక్కడిది? 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీలో చిన్న కార్లకి 18 శాతం, ఆ గీత దాటితే 40 శాతం. గీత ఇంకా అక్కడే ఉంది. కాబట్టి రేపే ఎస్టేట్ తెచ్చి పెట్టమని మిమ్మల్ని నిలదీయను. తెస్తే మాత్రం కొనేవాళ్లలో నేనొకణ్ణి, ఈ మాట ఊరికే అనడం లేదు.

నేనడుగుతున్నది ఆ నాలుగు మీటర్లలోనే ఎస్టేట్ తెలివి పెట్టమని. పెట్టొచ్చని మీలోనే కొందరు చేసి చూపించారు. హోండా జాజ్‌లో పెట్రోల్ ట్యాంకుని ముందు సీట్ల కిందికి జరిపారు, దాంతో వెనక సీటు కింద ఖాళీ దొరికింది, కూర్చునే భాగాన్ని సినిమా హాల్లో కుర్చీలా పైకి లేపితే పూలకుండీ నిలువుగా పెట్టుకోవచ్చు, బ్యాక్‌రెస్ట్ మడిస్తే నేల చదును. ఒక ట్యాంకు చోటు మార్చితే ఇంత జరిగింది. మన దగ్గర ఆ కారే ఆగిపోయింది, అది వేరే బాధ. రెనో ట్రైబర్ నాలుగు మీటర్ల లోపే, మూడో వరస సీట్లు ఊడదీస్తే 625 లీటర్లు. ఊడదీసిన సీట్లు అపార్ట్‌మెంట్లో ఎక్కడ పెట్టుకోవాలన్నది ఒక చిక్కే, అయినా ఆలోచన మంచిది. టాటా వాళ్లు 2023లో ఆల్ట్రోజ్ సీఎన్‌జీలో ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ నేల కింద పెట్టి, స్టెప్నీని బండి కిందికి దించారు. అంతకుముందు సీఎన్‌జీ కారంటే డిక్కీ మీద ఆశ వదులుకోవడమే. అడిగితే, పట్టుబడితే అవుతాయి.

చీలిస్తే చాలదు, మడిచాక నేల ఎలా ఉంటుందో కూడా చూడండి. చాలా కార్లలో బ్యాక్‌రెస్ట్ వచ్చి సీటు మీద పడుతుంది, డిక్కీ నేలకీ దానికీ మధ్య జానెడు మెట్టు మిగులుతుంది, పైగా ఏటవాలు. వీల్‌చైర్‌ని అక్కడ రెండోసారి ఎత్తాలి. పాత పద్ధతిలో ముందు కూర్చునే భాగాన్ని నిలువుగా లేపి, ఆ ఖాళీలోకి బ్యాక్‌రెస్ట్ దించేవారు. నేల చదునుగా వచ్చేది, కాకపోతే ముందు సీటు ముందుకు జరపాలి, హెడ్‌రెస్టులు పీకి ఎక్కడో దాచాలి. ఇప్పుడు బ్యాక్‌రెస్ట్ వాలుతుంటే కూర్చునే భాగం దానితోపాటే కిందికి దిగే లింకులున్నాయి. ఏది పెడతారో మీ ఇష్టం, డెబ్బై ఏళ్ల మనిషి ఒంటిచేత్తో మడవగలగాలి.

చిన్న ముక్క ఏ వైపు ఉందన్నది కూడా దయచేసి చూడండి. మనం రోడ్డుకి ఎడమవైపు వెళ్తాం, పెద్దవాళ్లు ఫుట్‌పాత్ వైపు నుంచి, అంటే ఎడమ డోరు నుంచి ఎక్కి దిగాలి. ఒక్క మనిషి, పొడుగు సామాను ఉన్నప్పుడు పెద్ద ముక్క మడిస్తే మిగిలే ఒంటి సీటు ఎడమవైపు ఉండాలి. అది కుడివైపు ఉంటే మా అమ్మ లారీలు పోయే వైపు దిగాలి. కుడివైపు నడిచే దేశాల కోసం గీసిన డ్రాయింగుని అలాగే ఇక్కడ దించితే వచ్చే తేడా ఇది.

ఇంకొకటి, భద్రత. ఐక్యరాజ్యసమితి 17వ నంబరు నిబంధన ఒకటుంది, సీట్ల బలానికి సంబంధించింది. అందులో వెనక సీటు వెనకాల 18 కిలోల దిమ్మెలు రెండు, ఒక్కోటి పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 30 సెంటీమీటర్లే, పెట్టి 50 కిలోమీటర్ల వేగంతో గుద్దించినంత కుదుపు ఇస్తారు, సీటు విరిగి మనుషుల మీద పడకూడదు. మా బియ్యం బస్తా ఒక్కటే పాతిక కిలోలు, సంక్రాంతికి నాలుగు వేస్తాం. సీటు చీలిస్తే బలం తగ్గుతుందని మీరనొచ్చు. యూరప్‌లో చీలిన సీట్లన్నీ ఆ పరీక్ష దాటుతూనే ఉన్నాయి కదా. లాక్ పూర్తిగా పడకపోతే కనబడే ఎర్ర గుర్తు పెట్టండి. మా కారులో అది లేదు, ఆ రోజు హైదరాబాద్ చేరి సీటు నిలబెట్టాక ఎడమ లాక్ సగమే పడిందని నాకు తెలియలేదు, మర్నాడు స్కూలు దగ్గర బ్రేకు వేస్తే సీటు మా బాబు వీపుని ముందుకి తోసింది. నేలకి నాలుగు కొక్కేలు బిగించండి, తాడు కట్టుకుంటాం. ఈ కొక్కేలకి ఎంత ఖర్చవుతుందని?

మీ ఆఫీసులో ఒక పని చేసి చూడండి. మీరు అమ్మే అన్నిటికంటే చవక వేరియంట్ తీసుకోండి. మడత వీల్‌చైర్ ఒకటి, బియ్యం బస్తా ఒకటి, వాకర్ ఒకటి, బ్యాగు ఒకటి పెట్టండి, నలుగురు మనుషులు కూర్చోండి, అందులో ఒకరు కాలు మడవలేని మనిషి అనుకోండి. డిక్కీ మూసుకుంటుందా లేదా చూడండి. మూసుకోకపోతే దాన్ని బంపర్‌లో సొట్టలాగా, రంగులో మచ్చలాగా ఒక లోపంగా రాసుకోండి.

వచ్చే నెల అమ్మకి మళ్లీ విజయవాడలో చెకప్ ఉంది. డాక్టరుగారు ఇంకా వీల్‌చైర్ మానొద్దన్నారు. ఆఫీసులో ఒక స్నేహితుడి కారులో వెనక సీటు రెండు ముక్కలుగా మడుస్తుంది, నిన్న లంచ్ టైములో టేపు పెట్టి కొలిచాను, చిన్న ముక్క మడిస్తే చైర్ పడుతుంది, చక్రాలు ఊడదీయక్కర్లేదు. ఆ రోజుకి కారు అడిగి ఉంచాను. ఈసారి మా ఆవిడ అమ్మ పక్కనే కూర్చుంటుంది.

ఇట్లు,
ఒక కారు యజమాని, హైదరాబాద్